పైవీధి, కిందివీధి ఒకే బల్ల చుట్టూ



మన విచారణలకు సదస్సులు కొత్త కాదు. వేదిక మీద నాలుగు కుర్చీలు, వెనుక బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, శాలువలు, వక్తగారి గంట ప్రసంగం, వందన సమర్పణ, ఆ తరువాత టీ బిస్కట్లు. ఇందులో తప్పేమీ లేదు. విన్నవారికి ఏదో ఒక మాట మనసులో నిలుస్తుంది. కాని ఈ వారం పాఠంలో మనం ఆలోచించబోయేది సదస్సు గురించి కాదు, కార్యశాల గురించి. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో వర్క్‌షాప్ అంటే ఏమిటో అక్కడి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు: పనిముట్లు, నూనె మరకలు, సాయంత్రానికి నడిచే బండి. మనం పెట్టుకునే కార్యశాల కూడా అలాంటిదే కావాలి. చెడిపోయినదాన్ని నడుమ పెట్టుకొని, తెలిసిన నలుగురూ చుట్టూ కూర్చొని, చేతులకు మసి అంటించుకోవాలి.

చెడిపోయినది ఏమిటంటారా? మన కాలాలు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి. వాన నెలంతా పడవలసినది ఒక్క రాత్రిలో కుమ్మరిస్తున్నది. ఈ రెంటినీ తట్టుకొని నిలబడటానికి ఒక పేటలోని ప్రజలు తమకు తాము ప్రణాళిక ఎలా వేసుకోవాలి? అందుకు ఒక విచారణ చోటు ఇచ్చి, కూర్చోబెట్టి, పని నడిపించడం ఎలా? ఇదే ఈ పాఠం.

“ఇది ప్రభుత్వం పని గదా, మనకేమి సంబంధం?” అని మీరు అడగవచ్చు. జవాబు కోసం ఒకసారి మోతీనగర్ నుంచి బయలుదేరి చూద్దాం.

ఎర్రగడ్డ, బోరబండల పక్కనున్న మోతీనగర్ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్‌కు నడిచి వెళ్ళేవారికి నేల ఎత్తు పెరగడం కాళ్ళకే తెలుస్తుంది. పైన గుట్టలు. 1963లో చల్లగళ్ల నరసింహారావు గారు స్థాపించిన సహకార గృహనిర్మాణ సంఘంతో మొదలైన జూబ్లీహిల్స్ ఆ రాతిగుట్టల మీదే ఉన్నది. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చాక ఫిలింనగర్ కూడా అక్కడే వెలిసింది. సినిమా తీసేవారి ఇళ్ళు గుట్ట మీద ఉంటే, ఆ సినిమాకు లైట్లు మోసేవారు, గుంపులో నిలబడేవారు, భోజనాలు వడ్డించేవారు చాలామంది గుట్ట దిగువన కృష్ణానగర్ సందుల్లో అద్దెకుంటారు. పెద్ద వాన పడినప్పుడల్లా ఆ సందుల్లో మోటారు సైకిళ్ళు కొట్టుకుపోయే దృశ్యాలు మనం టీవీలో చూస్తూనే ఉన్నాం.

ఆ నీళ్ళు ఎక్కడివి? ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. పెద్దలు, పిల్లలు కలిసి చేయదగిన లెక్క ఇది. గుట్ట మీద 1,200 గజాల స్థలం ఒకటి అనుకోండి. అంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. ఇల్లు, కారు నిలిపే చోటు, చుట్టూ నడిచే దారి అంతా కాంక్రీటు, బండలు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. నగరంలో తిరిగే మామూలు నీళ్ళ ట్యాంకరులో 5,000 లీటర్లు పడతాయి. అంటే ఒక్క వానకు ఒక్క ఇంటి నుంచి ఇరవై ట్యాంకర్ల నీరు. అది నేలలో ఇంకే దారి లేక ఇంచుమించు అంతా గేటు దాటి కిందికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే ఇంటి ముందు డబ్బిచ్చి తెప్పించుకున్న ట్యాంకరు నిలబడి ఉంటుంది! ఈ లెక్క చెప్పినప్పుడు పైవీధివారు కొంచెం ఇబ్బందిగా కదులుతారు, కిందివీధివారు తలలూపుతారు. ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు చెబితేనే ఈ లెక్కకు విలువ.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీటికి తెలిసినది నగర పాలనకు అంతగా తెలియదు. వార్డు గీతలు వేరు, శాఖలు వేరు, పైకాలనీ సంక్షేమ సంఘం వేరు, కింది బస్తీ కమిటీ వేరు. ఆ ఇద్దరూ ముఖాముఖి కూర్చునే సందర్భం ఏడాదిలో ఒక్కటీ రాదు. కాని మన దేవాలయంలో ఆదివారం పూజకు గుట్ట మీది బంగళా యజమానీ, ఆ ఇంట్లో వంటచేసే అక్కా, కాల్‌షీటు ముగించుకొని నిద్రకళ్ళతో వచ్చిన లైట్‌మనూ అవే బెంచీల మీద కూర్చుంటున్నారు. విచారణకు ఏమి సంబంధం అంటే ఇదీ సంబంధం. ఇలాంటి గది నగరంలో ఎక్కువచోట్ల లేదు. ఉన్న గదిని వాడుకోకపోతే ఎలా?

మన నగరానికి ప్రణాళిక కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ తరువాత నిజాము ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. గొప్ప పని. అయితే 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో అక్కడే సుమారు 19 సెంటీమీటర్లు పడినప్పుడు జనాన్ని ముంచినది మూసీ ఒక్కటే కాదు. పేటపేటలో నాలాలు పొంగాయి, చెరువులు తెగాయి. ఏ సందులో ఏ ఇంటి గడప మీదికి ముందుగా నీళ్ళెక్కుతాయో చెప్పడానికి ఎంత గొప్ప ఇంజనీరైనా చాలడు. అది ఆ గడప తుడిచే అమ్మకు తెలుసు.

ఎండ సంగతి ఇంకా గట్టిది, ఎందుకనగా అది చప్పుడు చేయదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 2,000 మంది చనిపోయారు. 2016 నుంచి తెలంగాణలో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక ఉన్నది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబాలకిచ్చే సహాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. కాని ఆ దరఖాస్తు నింపడంలో సాయపడటం కన్నా, ఆ దరఖాస్తు అవసరం రాకుండా చూడటం మన పని గదా! రేకుల గదిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ తలుపు మధ్యాహ్నం మూడింటికి ఎవరు తట్టాలి? ఈ ప్రశ్నకు ఏ సర్కారు ప్రణాళికలోనూ పేరు రాసి ఉండదు. రాయవలసినది మనమే.

తెలుగు రైతులు చూపిన దారి

ఇలాంటి కూటములు ఎలా నడపాలో నేర్చుకోవడానికి విదేశాలకు పోనక్కరలేదు. మన కరువు జిల్లాల రైతులే ఒక పాఠం రాసిపెట్టారు. 2003లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో, రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకొనే పథకం ఒకటి మొదలైంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి, ఆరువందలకు పైగా పల్లెల్లో దాన్ని నడిపింది.

ఆ పథకంలో బోర్లు వేసి ఇవ్వలేదు. పంపులు పంచలేదు. ఎవరినీ ఏ పంటా మానమని ఆజ్ఞాపించలేదు. మరి ఏమి చేశారు? రైతులకు, ఆడవారికీ మగవారికీ, కొలవడం నేర్పారు. ఊళ్ళో వానమాపకం పెట్టి రోజూ చూసి రాశారు. పదిహేను రోజులకొకసారి బోరులో నీటిమట్టం కొలిచి రాశారు. ఆ అంకెలు ఊరందరికీ కనబడేలా గోడ మీద రాశారు. అలాంటి చదువుకు రైతు నీటి బడి అని పేరు. రబీ పంట వేసేముందు, ఒకే వాగు పరీవాహకంలోని పల్లెలన్నీ ఒకచోట కూడేవి. ఈ ఏడు ఎంత వాన పడింది, నేలలోకి ఎంత దిగింది, ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి, ఉన్నదానికీ కావలసినదానికీ తేడా ఎంత? ఈ లెక్క అందరి ఎదుట వేసేవారు. దానినే పంటల నీటి బడ్జెట్ అన్నారు.

లెక్క తేలాక ఎవరి ఇంటికి వారు వెళ్ళారు. ఏమి వేయాలన్నది వారివారి ఇష్టం. అయినా చాలా పరీవాహకాల్లో వరి తగ్గి, తక్కువ నీటి పంటలు పెరిగాయి. ఎందుకు? పొరుగువాడు చెప్పిన సలహాను మనం పక్కన పెడతాం. పొరుగువాడితో కలిసి మన చేతులతో కొలిచిన అంకెను పక్కన పెట్టడం కష్టం. నా దృష్టిలో ఆ పథకం ఇచ్చిన పాఠాలన్నిటిలో ఇదే పెద్దది. వట్టి అభిప్రాయాలతో కూర్చుంటే కార్యశాల తగాదాతోనో చప్పట్లతోనో ముగుస్తుంది. సొంత కొలతలతో కూర్చుంటే పనితో ముగుస్తుంది.

కాబట్టి విచారణలో కార్యశాల తేదీకి కనీసం రెండు వారాల ముందే పని మొదలుకావాలి. యువజన సంఘం పిల్లలకు ఇంతకన్నా మంచి పని దొరకదు. పది ఇళ్ళు ఎంచుకోండి: సిమెంటు రేకుల ఇళ్ళు నాలుగు, ఇనుప రేకులవి రెండు, స్లాబు కింద పై అంతస్తు ఇళ్ళు రెండు, చెట్టు నీడనున్నవి రెండు. గోడకు తగిలించే మామూలు ఉష్ణమాపకాలు మందుల షాపుల్లోనూ, ప్రయోగశాల సామాను అమ్మేచోటా దొరుకుతాయి. మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి పదింటికీ ఎంత ఉన్నదో ఆ ఇంటివారే నోటుబుక్కులో రాయాలి. రాత్రి కొలత మరువకండి. పగటి ఎండను ఒళ్ళు రాత్రి నిద్రలోనే తేరుకుంటుంది. రాత్రి కూడా గది చల్లబడకపోతే మూడోరోజుకు మనిషి వాడిపోతాడు. వాన సంగతి కొలవాలంటే, నిలువు అంచులున్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి చాలు. పోయిన పెద్ద వానలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడల మీద మరక చూపి గీత గీయించండి. పాత మరకలు సాక్ష్యం చెబుతాయి. ముసలివారిని అడిగితే 2000 సంవత్సరపు గీత కూడా చూపిస్తారు.

ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

ఇక్కడే సగం కార్యశాలలు ఓడిపోతాయి. ఆదివారం రెండవ పూజ తరువాత పది గంటలకు పెడితే ఎవరు వస్తారు? ఉద్యోగాలు చేసేవారు, పదవీ విరమణ చేసిన పెద్దలు, విచారణ పాలక మండలి సభ్యులు. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు రారు. ఆదివారం వారి యజమానుల ఇంట విందులుంటాయి, వారికి పని ఎక్కువ. సినిమా పనివారికి ఆదివారం అనేదే లేదు. షూటింగు ఉంటే ఉన్నట్లు, లేకపోతే లేనట్లు. అందుచేత ఒక్క కూటమికి బదులు రెండు చిన్నవి, తరువాత ఒక పెద్దది పెట్టుకోవడం మేలు. ఇళ్ళలో పనిచేసేవారికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కొంచెం విరామం ఉంటుంది, అప్పుడు వారి బస్తీలోనే కూర్చోండి. రాత్రి షూటింగులు చేసి వచ్చి పగలు నిద్రపోయేవారిని సాయంత్రం కలవండి. వీరి సంగతి వేరుగా వినాలి సుమా! “మధ్యాహ్నం బయటికి పోకండి, ఇంట్లోనే ఉండండి” అని అందరికీ చెప్పే జాగ్రత్త వీరికి పనికిరాదు. రేకుల ఇల్లే వీరి పొయ్యి, మధ్యాహ్నమే వీరి రాత్రి.

పిలుపు మన విశ్వాసులకే పరిమితం చేయకండి. వరదకు మతం లేదు. బోరబండ, యూసుఫ్‌గూడ బస్తీల్లో మన పక్కింటివారు హిందువులు, ముస్లిములు. ఉర్దూ మాట్లాడేవారు, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలు కూడా ఉంటారు. వారికి అర్థమయ్యేలా చెప్పగల ఒకరిని ముందే సిద్ధం చేసుకోండి. కూటమి దేవాలయంలోనే జరపనక్కరలేదు. బడి గదిలోనో, బస్తీ కమ్యూనిటీ హాలులోనో పెడితే రావడానికి సంకోచించేవారు కూడా వస్తారు.

మరొక సున్నితమైన విషయం. ఇంటి యజమాని ఎదుట అద్దెకున్నవాడు నోరు విప్పడు. “పైకప్పు కాలిపోతున్నదయ్యా” అంటే, “అయితే ఖాళీ చెయ్యి” అంటాడేమోనని భయం. అత్త ఎదుట కోడలు, గురువుగారి ఎదుట ఉపదేశి కూడా అంతే. కనుక మొదట వేరువేరు గుంపులుగా కూర్చోబెట్టాలి: అద్దెకున్నవారు ఒకచోట, సొంత ఇళ్ళవారు ఒకచోట, ఆడవారు ఒకచోట, పడుచువారు ఒకచోట. ప్రతి గుంపు మాటనూ ఒకరు అందరి ముందు చెప్పాలి, “మా గుంపులో ఇలా అనుకున్నాం” అని. ఫలానావారు అన్నారని పేరు చెప్పకూడదు.

ఆ రోజు పని

మూడు గంటలు చాలు. పూలదండలు, శాలువలు వద్దు. విచారణ గురువులు చిన్న ప్రార్థనతో ప్రారంభించి తాము కూడా గుంపులో ఒకరుగా కూర్చుంటే మంచిది. 2015లో పోపు ఫ్రాన్సిసు జగద్గురువులు వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ గురించి మాట్లాడాలని ఎవరికైనా ఉంటే, అది ఆ ఆదివారం ప్రసంగంలో చెప్పవచ్చు. కార్యశాల సమయాన్ని తినకూడదు.

మొదటి గంట పటం గీయడానికి. కాగితం మీద కాదు, నేల మీద. ముగ్గుపిండి ఆడవారి చేతికివ్వండి. పెన్ను పట్టడానికి జంకే చేయి ముగ్గు పట్టడానికి జంకదు. ప్రధాన వీధి, సందులు, నాలా, బోరు, ట్రాన్స్‌ఫార్మరు, అంగన్‌వాడీ, మందుల షాపు, దేవాలయం, మసీదు, గుడి అన్నీ గీస్తారు. నీళ్ళు నిలిచే చోట నీలం రంగు, రేకుల ఇళ్ళ మీద ఎరుపు రంగు చల్లమనండి. ఒకరు గీసినదాన్ని మరొకరు చెరిపి సరిచేస్తారు. ఆ వాదన జరగనివ్వండి. పటం కన్నా ఆ వాదనే విలువైనది. పైవీధివారు కూడా చెప్పులు విప్పి తమ వీధిని గీయాలి. వాననీరు ఏ గేటు నుంచి బయలుదేరి ఏ గడపకు చేరుతుందో వేలితో చూపించమనండి.

రెండవ పని కాలపట్టిక. దీనికి మన కార్తెలు చక్కగా పనికొస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలియని ఇల్లాలు లేదు. మృగశిర వస్తే వాన. ఏ కార్తెలో ఎవరికి జబ్బు, ఎప్పుడు పని దొరకదు, ఎప్పుడు నీళ్ళు రావు, ఎప్పుడు బడి ఫీజు కట్టాలి? ఇవి పక్కపక్కన రాస్తే, ఎండ ముదిరే నెలలోనే నీళ్ళ ఖర్చు, వైద్యం ఖర్చు, చేతిలో పనిలేకపోవడం మూడూ కలిసి మీదపడతాయని కళ్ళకు కనబడుతుంది.

అప్పుడు రెండు వారాల కొలతలు చదవండి. రేకుల ఇంటికీ చెట్టునీడ ఇంటికీ తేడా ఎన్ని డిగ్రీలో ఆ ఇంటివారే లేచి చదవాలి.

ఈ ఘట్టంలో ఒక పెద్దాయన లేచి “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు?” అనడం ఖాయం. ఆయనను కించపరచవద్దు. వాన రాకడ ఇప్పుడు కొంతవరకు తెలుస్తుందని చెప్పండి. వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తున్నది. నారింజ రంగు వచ్చిన రోజు మన సందులో ఎవరు ఎవరికి కబురు చెప్పాలి అన్నదే మన ప్రశ్న. మరొకరు లేచి “కార్పొరేషన్ వాళ్ళు దొంగలు” అంటారు. విని, గోడ మీద ‘అడగవలసినవి’ అనే కాగితం మీద రాయండి. ఇంకొకరు పైవీధివారి వైపు వేలు చూపించి మాట్లాడతారు. అప్పుడు నడిపేవారికి పరీక్ష. మనుషుల మీదికి పోయిన మాటను పటం మీదికి తెచ్చుకోవాలి: “అన్నా, ఆ నీళ్ళు ఎక్కడినుంచి బయలుదేరాయో ముగ్గులో చూపించు.” వేలు మనిషి మీద నుంచి నేల మీదికి దిగితే చాలు, తగాదా లెక్కగా మారుతుంది.

అధికారులను పిలవాలా? పిలవాలి, కాని చివరి గంటకు. మొదట వస్తే వారు ప్రసంగిస్తారు, జనం అర్జీలిస్తారు, కార్యశాల అక్కడితో సరి. చివర వస్తే పటం, కొలతలు, రాసిన కోరికలు సిద్ధంగా ఉంటాయి. ఏ నాలా మూత ఎక్కడ విరిగిందో, ఏ స్తంభం తీగ వేలాడుతున్నదో తేదీతో సహా చూపిస్తే, మంచి అధికారికి అది సాయం. పట్టించుకోని అధికారికి తప్పించుకునే దారి తక్కువ.

కాగితం మీదికి వచ్చేసరికి

మాట్లాడినదంతా పనిగా మారవలసినది చివరి గంటలో. మనమే చేసుకోగలవి, పొరుగువారితో కలిసి చేయవలసినవి, ప్రభుత్వాన్ని అడగవలసినవి అని విడదీయండి. మొదటిదానిలో కనీసం రెండు పనులు లేకుండా లేవవద్దు.

పైకప్పు సంగతి తీసుకోండి. 2017లో మన నగరంలోనే దేవరకొండ బస్తీలో ఐఐఐటీ హైదరాబాదు, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తదితర సంస్థలు 25 పేద ఇళ్ళ కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర వేసి చూశాయి. అలాంటి పొర లేని ఇళ్ళతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. రాత్రి పదింటికి నిద్రపట్టని గదిలో పడుకున్నవారిని అడగండి, రెండు డిగ్రీలంటే ఎంతో చెబుతారు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. అందులో 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్ళకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్ళకు వారి ఇష్టం. అంటే ఏసీ ఉన్న ఇంటికి చట్టం ఉన్నది, ఏసీ లేని రేకుల ఇంటికి ఎవరూ లేరు. ఆ ఖాళీని పూడ్చడం విచారణ చేయగలిగిన పని. సున్నపు పూత ఖరీదు తక్కువ, ఏటా మళ్ళీ వేయాలి; తెల్లని రూఫ్ పెయింటు ఖరీదెక్కువ, కొన్నేళ్ళు ఉంటుంది. మార్చి నెలలోనే వేయాలి. ఒక జాగ్రత్త: సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టవద్దు. పగిలి మనిషి లోపల పడతాడు. అడ్డపలకలు వేసి, అలవాటున్న మేస్త్రీతోనే చేయించాలి. పాత రేకులను పొడిగా గీకి, దుమ్ము లేపడం కూడా ఆరోగ్యానికి చేటు.

పొరుగువారితో కలిసి చేయవలసిన వాటిలో మొదటిది ఇంకుడు గుంత. పైవీధిలో పది ఇళ్ళు తమ వాననీటిని తమ నేలలోకి దించితే కిందివీధికి ఆ మేరకు వరద తగ్గుతుంది, పైవీధికి ఆ మేరకు బోరు నిలుస్తుంది. పాత గుంతలు పూడిపోయి ఉంటే జూన్ రాకముందే తీయించాలి. ఇది దానధర్మం కాదు. తమ ట్యాంకరు ఖర్చు తగ్గించుకునే పని. అలా చెబితేనే బాగా ఎక్కుతుంది కూడా.

ఎండ రోజుల్లో తలుపు తట్టే జాబితా మరొకటి. ఒంటరి వృద్ధులు, పక్షవాతంతో మంచాన ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఎవరెవరో సందుసందుకూ రాసుకొని, ఒక్కొక్కరికి ఒక పొరుగువారిని ఒప్పించండి. మరియ దళం వారికి ఇళ్ళు తిరిగే అలవాటు ఉండనే ఉన్నది. తట్టినవారు ఏమి చూడాలి? నీళ్ళు తాగారా, మాట తడబడుతున్నదా, ఒళ్ళు కాలిపోతున్నదా అని. మాట తడబడి, మనిషి మగతగా ఉంటే అది వట్టి నీరసం కాదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే నమ్ముకోవద్దు. ఆ రోజుల్లో పన్నెండు నుంచి నాలుగు వరకు విచారణ హాలు తెరిచి, తాగునీరు పెట్టి, చాపలు పరచగలమా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇంత చిన్న ప్రశ్న దగ్గరే మంచి ఉద్దేశాలు ఆగిపోతాయి. ఇకపోతే, ఈ జాబితాను నోటీసు బోర్డు మీద అంటించవద్దు. ఎవరు ఒంటరిగా ఉన్నారో ఊరంతా చదవడం మంచిది కాదు. బాధ్యులైన ఇద్దరి దగ్గర ఉంటే చాలు.

వాన రాత్రికి కూడా అలాగే. మెయిన్ స్విచ్ ఎవరు తీయాలి, బండ్లు ఏ ఎత్తుకు చేర్చాలి, ఆధారు కార్డులు, బడి సర్టిఫికెట్లు ఏ సంచిలో ఉంటాయి, పైవీధిలో ఏ ఇంటి గేటు ఆ రాత్రి తెరిచి ఉంటుంది. ఈ చివరి మాటకు ఒక్క కుటుంబమైనా కార్యశాలలో చేయెత్తితే, మిగిలిన మూడు గంటల శ్రమ అంతా గిట్టుబాటైనట్లే.

ప్రతి పని ఎదుటా ఒక పేరు, ఒక తేదీ రాయాలి. “యువత చూసుకుంటుంది”, “కమిటీ ఆలోచిస్తుంది” అని రాస్తే ఎవరూ చూసుకోరు. పాత నిబంధనలో నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం తెరిచి చూడండి. యెరూషలేము గోడ కట్టిన వైనం అది. చదవడానికి వట్టి పేర్ల పట్టికలా ఉంటుంది. పూజలో ఎవరూ చదవరు. కాని గమనించండి, చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడ భాగాన్నే బాగుచేశారు. ఫలానావాడు, ఫలానా ద్వారం నుంచి ఫలానా మూలదాకా అని రాసి ఉన్నది. కార్యశాల చివర మన గోడకు అంటించే కాగితం ఆ అధ్యాయంలా ఉండాలి.

ఆ కాగితం నకళ్ళు నాలుగు తీయించండి: విచారణ కార్యాలయానికి ఒకటి, బస్తీ కమిటీకి ఒకటి, పైకాలనీ సంఘానికి ఒకటి, వార్డు కార్యాలయానికి ఒకటి. ముగ్గు పటాన్ని తుడిచేముందు ఫోటో తీసుకోండి. మళ్ళీ కూడే తేదీని అందరూ ఇంకా కూర్చొని ఉండగానే నిర్ణయించండి. లేచాక నిర్ణయించిన తేదీ నిలవదు. ఎండకాలపు కాగితానికి రోహిణి ముగిసిన వారం, వానకాలపు కాగితానికి మొదటి పెద్ద వాన పడిన తరువాతి ఆదివారం సరిపోతాయి. ఆ రెండవ కూటమికి వక్త అవసరం లేదు, టీ కూడా ఐచ్ఛికమే. కాగితం మీది పేర్లు ఒక్కొక్కటిగా చదవండి. చేసినవారు ఏమి జరిగిందో చెబుతారు, చేయనివారు ఏమి అడ్డం వచ్చిందో చెబుతారు. తరువాత అందరూ కలిసి ఆ సందులోకి నడిచి వెళ్ళి, పిల్లలు గోడ మీద గీసిన పాత గీతకు ఈ ఏటి నీరు ఎన్ని అంగుళాల కింద ఆగిందో, లేక దాటిందో, స్కేలు పెట్టి చూసి రాసుకోండి.